అయితే ఏంటట?

ఇరాక్ మీద అమెరికా దాడి మొదలుపెట్టి సరిగ్గా అయిదేళ్ళు నిండిన రోజు, 2008 మార్చి 19. ఆ రోజు ప్రసారమైన ఇంటర్వ్యూలో ఏబీసీ టెలివిజన్ విలేకరి మార్తా రాడట్జ్, ఉపాధ్యక్షుడు డిక్ చెనీని ఒక మాట అడిగింది. ఈ యుద్ధం చేయదగ్గది కాదని మూడింట రెండు వంతులమంది అమెరికన్లు అంటున్నారు కదా అని. చెనీ ఒకే ఒక్క పదంతో జవాబు చెప్పాడు. దాన్ని మన భాషలోకి తెచ్చుకుంటే "అయితే ఏంటట?" అని. ప్రజలేమనుకుంటున్నారో మీకు పట్టదా అని ఆమె మళ్ళీ అడిగింది. పట్టదన్నాడు. అభిప్రాయ సేకరణల్లో వచ్చే ఎగుడుదిగుళ్ళని చూసి దారి తప్పకూడదన్నాడు.

మర్నాడు అధ్యక్ష భవనంలో విలేకరుల సమావేశం. ముందు వరసలో హెలెన్ థామస్, అప్పటికి ఎనభై ఏడేళ్ళ మనిషి. చచ్చేదీ ప్రజలే, ఖర్చు భరించేదీ ప్రజలే, మరి ఈ యుద్ధంలో వాళ్ళ మాటకి చోటు లేదా అని అడిగింది. అధికార ప్రతినిధి డానా పెరీనో చెప్పిన సమాధానం సారాంశం ఇది: ఎందుకు లేదు, నాలుగేళ్ళకోసారి ఉంది, మన వ్యవస్థ ఏర్పాటే అది.

ఈ జవాబులు విని రాజకీయ పండితులు ఆశ్చర్యపోయి ఉండొచ్చు. ఆడవాళ్ళం మనం ఆశ్చర్యపోవలసిన అవసరం లేదు. వంటింట్లోంచి లేచిన అభ్యంతరానికి వసారాలోంచి వచ్చే జవాబు తరతరాలుగా ఇదే. పొలం అమ్మొద్దంటే అయితే ఏంటట. పిల్లని చదువు మాన్పించొద్దంటే అయితే ఏంటట. ఇంటి భద్రత సంగతి ఆయనకి తెలుసు, ఈమెకి తెలియదు. ఈమె మాట రోజుకో రకం, భావోద్వేగం తప్ప నిలకడ లేదు. చెనీ వాడిన 'ఎగుడుదిగుళ్ళు' అనే మాటని జాగ్రత్తగా చూడండి. ఒక దేశ ప్రజల నిర్ణయాన్ని అతను నిర్ణయంగా గుర్తించటం లేదు, మూడ్‌గా చూస్తున్నాడు. పితృస్వామ్యం భార్యని ఏ చోట కూర్చోబెట్టిందో యుద్ధం చేసే రాజ్యం తన ప్రజల్ని సరిగ్గా అక్కడే కూర్చోబెడుతుంది. ఎప్పుడో ఒకసారి అడుగుతుంది, మిగతా రోజుల్లో నోరు మూసుకోమంటుంది.

ఇక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయటం తేలిక. దుర్మార్గులైన నాయకులు, వినిపించుకోని ప్రభుత్వం, విసిగిపోయిన జనం అని మూడు ముక్కల్లో కథ చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ నా తగాదా ఆ విసుగుతో కూడా ఉంది.

'ప్రజామోదం లేని యుద్ధం' అని ఇరాక్ యుద్ధాన్ని ఇప్పుడు అందరూ అంటారు. ఆమోదం లేకపోవటం ఎప్పటినుంచి? 2003 మార్చిలో బాగ్దాద్ మీద బాంబులు పడుతున్నప్పుడు పదిమంది అమెరికన్లలో ఏడుగురు దాన్ని సమర్థించారు. 2004 ఏప్రిల్ చివర్లో అబూగ్రైబ్ జైలు ఫోటోలు ప్రపంచమంతా చూసింది. అదే ఏడాది నవంబరులో జార్జి బుష్‌ని దాదాపు 6 కోట్ల 20 లక్షల ఓట్లతో మళ్ళీ గెలిపించారు. బ్రిటన్‌లో టోనీ బ్లెయిర్ 2005 మేలో మూడోసారి గెలిచాడు. సామూహిక విధ్వంసక ఆయుధాలు లేవని అప్పటికి అందరికీ తెలుసు. అంటే ఆ యుద్ధం అబద్ధమని తేలినందుకు జనం దాన్ని పూర్తిగా వదిలెయ్యలేదు. గెలవటం లేదని తేలాక వదిలేశారు. తప్పు చేశామన్న బాధ వేరు, పని చెడిందన్న విసుగు వేరు. రెంటినీ ఒకే 'యుద్ధ వ్యతిరేకత' ఖాతాలో రాసుకోవటం వల్ల నాయకులకు ఎంత సుఖమో చూడండి. గెలిచి ఉంటే మీరే చప్పట్లు కొట్టేవారు కదా అని వాళ్ళు మనసులో అనుకుంటారు. వాళ్ళ ధీమా అంతా అక్కడే ఉంది.

ముందే చెప్పినవాళ్ళు లేకపోలేదు. 2001 సెప్టెంబరు 14న బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానం మీద అమెరికా ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు. కాదన్నది బార్బరా లీ ఒక్కతే. నల్లజాతి స్త్రీ. ఆమెకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. 2003లో బ్రిటిష్ గూఢచార సంస్థలో అనువాదకురాలిగా పనిచేసే కాథరీన్ గన్, భద్రతామండలి ఓట్ల కోసం చిన్న దేశాల ప్రతినిధుల మీద నిఘా పెట్టమన్న లేఖని బయటపెట్టింది. ఉద్యోగం పోయింది, కేసు పెట్టారు, 2004 ఫిబ్రవరిలో కోర్టులో ఆ కేసు నడపలేక వదులుకున్నారు. బ్రిటన్ విదేశాంగ శాఖలో ఉప న్యాయ సలహాదారుగా ఉన్న ఎలిజబెత్ విల్మ్స్‌హర్స్ట్ ఇది దురాక్రమణ నేరమవుతుందని రాసి రాజీనామా చేసింది. ఈ ముగ్గురూ ఏడవలేదు, శపించలేదు. ఒకరు ఓటు వేశారు, ఒకరు కాగితం చూపించారు, ఒకరు చట్టం చెప్పారు. 'భావోద్వేగం' ఎవరిదో, తర్కం ఎవరిదో చరిత్ర చాలా స్పష్టంగా తేల్చింది.

2003 ఫిబ్రవరి 15న వందలాది నగరాల్లో జనం వీధుల్లోకొచ్చారు. రోమ్‌లో, లండన్‌లో లక్షల్లో నడిచారు. అప్పటికింకా యుద్ధం మొదలవలేదు. దాని మీద బుష్ ఏమన్నాడు? జనం సంఖ్య చూసి నిర్ణయం తీసుకోవటమంటే ఫోకస్ గ్రూప్ చెప్పినట్టు విధానాలు తయారుచెయ్యటమే అన్నాడు. ఫోకస్ గ్రూప్ అంటే కొత్త సబ్బు మార్కెట్లోకి తెచ్చేముందు కంపెనీవాళ్ళు నలుగురిని కూర్చోబెట్టి వాసన ఎలా ఉందని అడగటం. కోటిమంది పౌరులు అతనికి సబ్బు వాసన చూసే నలుగురిలా కనిపించారు. అయిదేళ్ళ తర్వాత చెనీ అన్న మాట కొత్తదేమీ కాదు. యుద్ధానికి ముందే ఆ మాట అనేశారు.

ఇందులో స్త్రీల పేరు ఎక్కడెక్కడ వాడుకున్నారో చూద్దాం. 2001 నవంబరులో లారా బుష్ రేడియోలో దేశాన్ని ఉద్దేశించి మాట్లాడుతూ అఫ్ఘనిస్తాన్ యుద్ధాన్ని స్త్రీల హక్కుల కోసం జరిగే పోరాటంగా చెప్పింది. నల్ల స్త్రీలని నల్ల మగవాళ్ళనుంచి కాపాడటానికి తెల్లదొరలు వస్తారనే పాత తర్కాన్ని గాయత్రీ స్పివక్ సతి మీద రాస్తూ ఎప్పుడో విప్పి చూపించింది. లీలా అబూలుఘోద్ 2002లో రాసిన వ్యాసం, ముస్లిం స్త్రీలకి నిజంగా ఈ రక్షకులు కావాలా అని అడిగింది. మన దగ్గర వలస పాలన చదువుకున్న ఎవరికైనా ఇది తెలిసిన పాటే. ఇరాక్ దగ్గరకొచ్చేసరికి అదే పాట ఇంకో రాగంలో వినిపించింది. సద్దాం 'అత్యాచారపు గదుల్ని' మూయించామని బుష్ ప్రతి సభలో చెప్పేవాడు. అబూగ్రైబ్ ఫోటోలు టీవీలో వచ్చిన రెండు రోజులకి, 2004 ఏప్రిల్ 30న కూడా, ఇరాక్‌లో ఇప్పుడు చిత్రహింసల గదులూ లేవు, అత్యాచారపు గదులూ లేవు అన్నాడు!

ఆ జైలు గురించి జనరల్ తగూబా ఇచ్చిన నివేదికలో ఒక వాక్యం ఉంది. కాపలా సైనికుడొకడు ఒక మహిళా ఖైదీతో లైంగిక సంబంధం పెట్టుకున్నాడని. సంబంధమట! తాళంచెవి వాడి చేతిలో, ఆమె గదిలో. దాన్ని సంబంధం అని రాయగలిగిన భాష ఎవరిది? 2006 మార్చిలో మహ్మూదియా దగ్గర పధ్నాలుగేళ్ళ పిల్లని అమెరికన్ సైనికులు చెరిచి చంపారు. తల్లినీ, తండ్రినీ, చిన్న చెల్లెలినీ కూడా చంపేశారు. విముక్తి చెయ్యటానికి వచ్చినవాళ్ళ చెక్‌పోస్టు ఆ ఇంటికి దగ్గర్లోనే ఉంది.

శిక్షలు పడలేదని కాదు, పడ్డాయి. ఎవరికి పడ్డాయన్నదే ప్రశ్న. అబూగ్రైబ్ ముఖచిత్రంగా ప్రపంచం గుర్తుపెట్టుకున్నది లిండీ ఇంగ్లండ్ అనే ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయిని, చేతిలో పట్టీతో నిలబడ్డ సైనికురాలిని. ఆమెకి మూడేళ్ళ శిక్ష వేశారు. ఆమెతో పాటున్న మగ సైనికుడికి పదేళ్ళు వేశారు. పై అధికారుల్లో హోదా తగ్గించింది ఒక మహిళా బ్రిగేడియర్ జనరల్‌కి. వీళ్ళు అమాయకులని నేననటం లేదు. కానీ ఖైదీల విచారణకి కొత్త పద్ధతులని సంతకం పెట్టి ఆమోదించిన రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ 2006 డిసెంబరు దాకా కుర్చీలోనే ఉన్నాడు. ఎన్నికల్లో పార్టీ ఓడిపోయాక దిగాడు. తప్పు మెట్లు దిగుతూ పోయి చిట్టచివరి మెట్టు మీద కూర్చుంటుంది. అధికారం మాత్రం పై మెట్టు మీదే ఉంటుంది. ఈ మెట్ల లెక్క కూడా మన ఇళ్ళల్లో తెలిసిందే.

స్త్రీలు అధికారంలో ఉంటే యుద్ధాలుండవని చెప్పేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. ఇరాక్ మీద ఆంక్షల వల్ల అయిదు లక్షలమంది పిల్లలు చనిపోయారంటున్నారు, ఆ మూల్యం తగినదేనా అని 1996లో లెస్లీ స్టాల్ అడిగితే, తగినదేనని మడలిన్ ఆల్‌బ్రైట్ చెప్పింది. ఆ అంకె సరైంది కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అంకె తప్పే అయినా, ఆమె అంకెని కాదనలేదు. ఆ అంకె నిజమే అయినా ఫరవాలేదంది! 2002 అక్టోబరులో హిల్లరీ క్లింటన్ యుద్ధాధికారానికి ఓటేసింది. కాండొలీజా రైస్ అణు మేఘం బూచిని చూపించి జనాన్ని భయపెట్టింది. అడిగింది స్త్రీ, కసిరింది స్త్రీ అన్నట్టు హెలెన్ థామస్‌కి జవాబు చెప్పింది కూడా స్త్రీయే. కాబట్టి శాంతి అనేది మన గర్భసంచిలో ఉండే గుణం కాదు. అది మనం ఆలోచించి, కష్టపడి తీసుకోవలసిన రాజకీయ వైఖరి.

ఈ గర్భసంచి గొడవ సిండీ షీహన్ దగ్గర బాగా అర్థమవుతుంది. ఆమె కొడుకు 2004 ఏప్రిల్‌లో బాగ్దాద్ సద్ర్ సిటీలో చనిపోయాడు. 2005 ఆగస్టులో ఆమె టెక్సాస్‌లోని క్రాఫర్డ్‌లో బుష్ సెలవులు గడుపుతున్న పొలం దగ్గర గుడారం వేసుకుని కూర్చుంది. ఏ మహత్కార్యం కోసం నా కొడుకు చచ్చిపోయాడో చెప్పమంది. దేశమంతా కదిలింది. ఎందుకు కదిలింది? ఆమె తల్లి కాబట్టి. తల్లి కాకపోతే అదే ప్రశ్నకి ఆ కెమెరాలన్నీ వచ్చేవా? ఏడ్చినంతసేపూ గౌరవించారు. విధానాల గురించి, పార్టీల గురించి, డబ్బు గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే కొడుకు చావుని వాడుకుంటోందన్నారు. సైనికుడి తల్లికి దుఃఖించే హక్కు రాజ్యం ఇస్తుంది, పతకం ఇస్తుంది, మడిచిన జెండా చేతిలో పెడుతుంది. లెక్క అడిగే హక్కు మాత్రం ఇవ్వదు. ఆ దుఃఖాన్ని కూడా దాచిపెట్టమంటుంది. సైనికుల శవపేటికలు దేశానికి వచ్చేటప్పుడు ఫోటోలు తియ్యకూడదన్న నిషేధం 1991 నుంచి 2009 దాకా నడిచింది. 2004లో కువైట్‌లో విమానాల సరుకు దగ్గర పనిచేసే ఒక అమెరికన్ స్త్రీ, వరసగా పేర్చిన పేటికల ఫోటో పత్రికకి ఇచ్చినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది.

మరి నాలుగేళ్ళకోసారి ఇస్తామన్న ఆ మాట విలువెంత? 2006 నవంబరు ఎన్నికల్లో జనం కోపంతో ఓటేశారు. ఉభయసభలూ డెమొక్రాట్ల చేతికొచ్చాయి. యుద్ధం ఆపమని ఇంతకన్నా గట్టిగా ఓటరు ఎలా చెప్పగలడు? రెండు నెలలు దాటగానే, 2007 జనవరి 10న, ఇంకో ఇరవై వేలమందికి పైగా సైన్యాన్ని పంపుతున్నానని బుష్ ప్రకటించాడు. సైన్యాన్ని వెనక్కి రప్పించే గడువు పెట్టిన నిధుల బిల్లుని మే 1న తిప్పికొట్టాడు. కొత్తగా గెలిచినవాళ్ళు అదే నెలలో గడువు తీసేసి నిధులిచ్చేశారు. సిండీ షీహన్ ఆ నెల చివర్లోనే ఉద్యమం నుంచి తప్పుకుంటున్నానంది. రెండు పార్టీలూ ఒకటేనని తేలిపోయాక ఆమె ఇంకేం చేస్తుంది? ఆ డబ్బంతా పన్నుల డబ్బు. అందులో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళ జీతాల్లోంచి కోసినది కూడా ఉంది. వాళ్ళకి ఓటుందా లేదా అన్నది వేరే సంగతి, వాటా మాత్రం ఉంది.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 2003 ఏప్రిల్‌లో పార్లమెంటు యుద్ధం మీద తీర్మానం చెయ్యటానికి ఒక పదం దగ్గర తర్జనభర్జన పడింది. చివరికి హిందీలో 'నింద' అనే మాట ఒప్పుకున్నారు. ఇంగ్లీషులో అది విచారం దగ్గర ఆగే మెత్తటి మాటయింది. తెలుగులో నింద అంటే పొరుగింటావిడ మీద వేసేది! ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకున్నారు. అయినా ఆ తర్వాత జరిగింది గుర్తుపెట్టుకోవాలి. దాదాపు పదిహేడు వేలమంది భారత సైనికుల్ని ఇరాక్ పంపమని అమెరికా అడిగింది. పంపుదామనేవాళ్ళు ప్రభుత్వంలోనూ, పత్రికల్లోనూ చాలామందే ఉన్నారు. ప్రతిపక్షాలూ, ప్రజాసంఘాలూ గట్టిగా కాదన్నాయి. జూలై 14న ప్రభుత్వం పంపటం లేదని చెప్పింది. ఆ నిర్ణయంలో నీతి ఎంతుందో, ఎన్నికల భయం ఎంతుందో విడదీయటం కష్టం. ఎంతైనా సరే, మన పల్లెలకి ఆ పేటికలు రాలేదు. ఆ కాదనటం ముందు జరిగింది కాబట్టి పనిచేసింది. యుద్ధం మొదలయ్యాక వచ్చే విసుగు, పెళ్ళయ్యాక ఆ కుటుంబం గురించి వాకబు చేసినట్టుంటుంది.

ఇంతకీ ఎవరి విసుగుని మనం లెక్కపెడుతున్నాం? అమెరికా సైనికులు దాదాపు నాలుగున్నర వేలమంది చనిపోయారు. ప్రతి ఒక్కరికీ పేరుంది, ఊరుంది, ఫోటో ఉంది. చనిపోయిన ఇరాకీ పౌరుల పూర్తి లెక్క ఆ సైన్యం ఇవ్వలేదు. 'ఇరాక్ బాడీ కౌంట్' అనే స్వచ్ఛంద బృందం పత్రికల్లోనూ, మార్చురీల్లోనూ దొరికిన ఆధారాలతో నమోదు చేసినవే లక్షా ఎనభై వేలు దాటాయి. నమోదు కానివి ఎన్నో ఎవరికీ తెలియదు. అభిప్రాయ సేకరణ బాగ్దాద్ తల్లిని అడగదు. నాలుగేళ్ళకోసారి వచ్చే ఆ ఓటు ఆమెకి లేదు. ఆమె మీద బాంబు వెయ్యాలా వద్దా అన్నదాని మీద ఓహాయోలో ఓటింగు జరుగుతుంది.

ఆమెకి ఏం మిగిలింది? సద్దాం స్త్రీల మిత్రుడేమీ కాదు. పరువు పేరుతో ఇంటి ఆడదాన్ని చంపినవాడికి శిక్ష లేకుండా 1990లో ఉత్తర్వు తెచ్చింది అతని ప్రభుత్వమే. కానీ అంతకుముందెప్పుడో, 1959లో వచ్చిన కుటుంబ చట్టం ఒకటుంది. పెళ్ళి వయసు పద్దెనిమిదేళ్ళని చెప్పింది, బహుభార్యత్వాన్ని కట్టడి చేసింది, అన్ని మతశాఖలకీ ఒకే చట్టమంది. ఇరాకీ స్త్రీలు పోరాడి సాధించుకున్నది అది. అమెరికా నియమించిన పాలకమండలిలో ఇరవై అయిదుగురు సభ్యులుంటే స్త్రీలు ముగ్గురు. అందులో ఒకరిని, అకీలా అల్ హాషిమీని, 2003 సెప్టెంబరులో కాల్చి చంపారు. ఆ డిసెంబరులోనే మండలి 137వ తీర్మానంతో ఆ చట్టాన్ని పక్కనబెట్టబోయింది. ఇరాకీ స్త్రీలు బాగ్దాద్ వీధుల్లోకొచ్చి రెండు నెలల్లో దాన్ని వెనక్కి తీయించారు. 2005 రాజ్యాంగంలో 41వ అధికరణంగా అదే మళ్ళీ దొడ్డిదారిన వచ్చింది. 2025 జనవరిలో ఇరాక్ పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, పెళ్ళీ, విడాకులూ, వారసత్వాల్లో మతశాఖ నియమావళికి తలుపు తెరిచింది. స్త్రీల విముక్తి పేరుతో మొదలైన యుద్ధం కుర్చీలెక్కించిన పార్టీలు ఇరవై రెండేళ్ళకి చేసిన పని ఇది.

అయినా వాళ్ళు విసుగు దగ్గర ఆగలేదు. 2019 అక్టోబరులో ఇరాక్ యువత మతశాఖల వాటాల పాలన మాకొద్దని తహ్రీర్ కూడలిలో కూర్చుంది. ఆరువందల మందికి పైగా చనిపోయారు, ప్రధాని దిగిపోయాడు. ఆడా మగా కలిసి కూర్చోవద్దని ముక్తదా అల్ సద్ర్ అంటే, 2020 ఫిబ్రవరి 13న వందలమంది స్త్రీలు గులాబీ, ఊదా రంగుల జెండాలతో బాగ్దాద్‌లో ఊరేగింపు తీశారు. తుపాకులెత్తిన ముఠాల మధ్య! ఇటువంటి ధైర్యం ముందు 'మేం విసిగిపోయాం' అని సర్వేవాళ్ళకి చెప్పటం ఎంత చిన్నది!

ఆ యుద్ధం నడిపినవాళ్ళలో ఎవరూ ఏ దేశ కోర్టులోనూ దానికోసం బోనెక్కలేదు. బ్రిటన్‌లో 2016లో వచ్చిన చిల్కాట్ నివేదిక, శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే దాడికి దిగారని తేల్చింది. బ్లెయిర్ విచారం వ్యక్తం చేసి ఇంటికెళ్ళాడు. రమ్స్‌ఫెల్డ్ 2021లో, చెనీ 2025లో పోయారు. ఇద్దరూ ముసలితనం వచ్చి పోయారు. ఇరాక్‌లో లక్షలమందికి దొరకని అదృష్టం అది.

అందుకే యుద్ధాల మీద జనం విసిగిపోయారన్న వార్త చదివినప్పుడు మనం తృప్తిపడొద్దు. విసుగు దానంతట అదే చల్లారుతుందని నాయకులకు తెలుసు. చల్లారనిది లెక్క అడగటం ఒక్కటే. ఎవరు సంతకం పెట్టారు, ఏ కాగితం దాచారు, ఎవరి పేరు వాడుకున్నారు, అవతలి వైపు ఎంతమంది పోయారు. ఇల్లయినా, దేశమయినా, ఈ ప్రశ్నలు మొదటి రోజే అడగాలి, చివరి మనిషిదాకా అడగాలి. అయితే ఏంటట అంటారు. అన్నప్పుడు లేచి వెళ్ళిపోకుండా, హెలెన్ థామస్‌లా ముందు వరసలోనే కూర్చుని, మళ్ళీ అడగాలి.